కన్యాశుల్కంలో నవ్వు తీసేస్తే ఎలా?

అయ్యా,

మొన్న మా ఊళ్ళో ఒక నాటక సమాజం వాళ్ళు గురజాడ అప్పారావు గారి కన్యాశుల్కం నాటకాన్ని విషాదాంతంగా మార్చి వేశారు, చూసొచ్చాను. అసలు నాటకంలో అగ్నిహోత్రావధాన్లు డబ్బుకి ఆశపడి తన చిన్న కూతురు సుబ్బిని ముసలి లుబ్ధావధాన్లుకి ఇస్తానంటే, నూతిలో దూకిన భార్య వెంకమ్మని పైకి తీస్తారు, ఇక్కడ చంపేశారు. సుబ్బికి బదులు పెళ్ళికూతురిగా ఆడవేషం కట్టే శిష్యుడూ లేడు, ఆ వేషం కట్టించే సుబ్బి మేనమామ కరటకశాస్త్రీ లేడు, సుబ్బిని నిజంగానే లుబ్ధావధాన్లుకి ఇచ్చి పెళ్ళి చేసేశారు. హాల్లో చాలామంది కళ్ళు తుడుచుకున్నారు, నాకూ ఏడుపొచ్చింది. కానీ ఇంటికొచ్చాక మనసు ఊరుకోలేదు, అందుకే ఈ ఉత్తరం.

మార్చకూడదని నేననను. గురజాడ గారే 1897లో అచ్చేసిన నాటకాన్ని 1909కల్లా దాదాపు కొత్త నాటకంలా తిరగరాసుకున్నారు. విషాదం ఆయనకి తెలీక కాదండీ. విజయనగరం మహారాజు గారు విశాఖ జిల్లాలో బ్రాహ్మణుల ఇళ్ళల్లో జరిగిన కన్యాశుల్కం పెళ్ళిళ్ళ, అంటే పిల్ల తండ్రికి డబ్బిచ్చి చేసుకునే పెళ్ళిళ్ళ, లెక్క తీయిస్తే మూడేళ్ళకి 1034 తేలాయని ఆయనే మొదటి కూర్పు ముందుమాటలో రాశారు, అందులో అయిదేళ్ళ పిల్లలు 99 మంది, నాలుగేళ్ళవాళ్ళు 44, మూడేళ్ళవాళ్ళు 36, రెండేళ్ళవాళ్ళు ఆరుగురు, ఏడాది పసికందులు ముగ్గురు, ఆ పసికందుల ధర ఒక్కొక్కరికి 350 నుంచి 400 రూపాయలు. కడుపులో ఉన్న బిడ్డకి కూడా బేరాలు జరిగేవట. ఈ లెక్క చదివి నేను పుస్తకం మూసేసి చాలాసేపు కూచుండిపోయాను. ఆ పిల్లల్లో ఎంతమందికి కరటకశాస్త్రి లాంటి మేనమామ దొరికుంటాడు?

ఇంత తెలిసిన మనిషి హాస్యం రాశాడంటే ఏదో ఆలోచించే రాసుంటాడు కదా. 1892లో విజయనగరంలో మొదటిసారి ఆడినప్పుడు కూతుర్ని అమ్ముకున్న తండ్రులు, డబ్బిచ్చి కొనుక్కున్న ముసలాళ్ళు ఆ జనంలోనే ఉండుంటారు, సుబ్బి ఏడుస్తుంటే వాళ్ళూ మనలాగే జాలిపడి లేచి వెళ్ళిపోయేవారు, కానీ పక్కవాళ్ళంతా అగ్నిహోత్రావధాన్లుని చూసి నవ్వుతుంటే మాత్రం వాళ్ళకి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలిసుండదు. నాటకంలో ఆ దెబ్బ తీసేసి మనకి ఏడుపు మిగిల్చారు.

అన్నిటికన్నా బాధ మధురవాణి గురించి. అందరి గుట్టూ తెలిసిన వేశ్య, మగవేషంలో వకీలు సౌజన్యారావు పంతులు గారింటికెళ్ళి, మాయమైన ఆ మారువేషపు పెళ్ళికూతుర్ని చంపాడని లుబ్ధావధాన్లు మీద పడ్డ కేసులోంచి అతన్ని బయటపడేసి, మాయమాటల గిరీశం అసలు రంగు బయటపెట్టి, సుబ్బి అక్క, చిన్నప్పుడే భర్త పోయిన బుచ్చమ్మని అతని నుంచి కాపాడుతుంది. అలాంటి మనిషిని ఒక మూల కూచోబెట్టి ఏడిపించారు, ఒక్క తెలివైన మాట కూడా లేదు ఆ పాత్రకి. పైగా మూలం అంత సుఖాంతం కూడా కాదు, బుచ్చమ్మని పూనా విడోస్ హోమ్‌కి పంపుతామంటారు, తర్వాత ఆ పిల్ల ఏమైందో మనకి తెలీదు.

సమాజాల వాళ్ళకి నా మనవి, ఇలా మార్చి వేసినప్పుడు పోస్టర్ మీద కన్యాశుల్కం అని పెద్దక్షరాలతో వేయకుండా వేరే పేరు పెట్టుకుని, గురజాడ నాటకం ఆధారంగా అని రాయండి. నా పక్క సీట్లో ఇంటర్ చదివే అమ్మాయి కూచుంది, నాటకం మొత్తం ఇదే అనుకుంటోంది, సుబ్బి పెళ్ళి అసల్లో తప్పిపోతుందని నేను చెప్తే నిజమా అండీ అని రెండుసార్లు అడిగింది.

— ఒక నాటకాభిమాని, విజయనగరం