ఆ ఫ్లాపీలన్నీ దొంగ కాపీలు కావు

సంపాదకులకు నమస్కారం.

గత ఆదివారం మీ అనుబంధంలో పాత కంప్యూటర్ ఆటల మీద వచ్చిన వ్యాసం బాగుంది. కానీ 'అప్పట్లో మనవాళ్లు ఆడినవన్నీ దొంగ కాపీలే' అన్న వాక్యం దగ్గర చురుక్కుమంది. 1995లో నేను తిరుపతి తిలక్ రోడ్డు పక్క సందులో ఒక కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో ల్యాబ్ అసిస్టెంటుని. మా వీధుల్లో తిరిగిన ఆటల ఫ్లాపీలు చాలావరకు నా చేతి మీదుగా కాపీ అయినవే. అందుకే ఆ మాట నాకే తగిలింది.

ప్రిన్స్ ఆఫ్ పర్షియా మాటకొస్తే, అది దొంగ సరుకే, ఒప్పుకుంటాను. కమాండర్ కీన్, వోల్ఫెన్‌స్టైన్, డూమ్ అలా కాదు. అవి షేర్‌వేర్. మొదటి భాగాన్ని నలుగురికీ పంచమని అమ్మేవాళ్లే చెప్పారు. టెక్సాస్‌లో అపోజీ కంపెనీ పెట్టిన స్కాట్ మిల్లర్ 1987లో క్రోజ్ ఆటతో ఈ పద్ధతి పట్టాడు. ఆటను భాగాలు చేసి, మొదటిది ఊరికే వదిలేస్తాడు. మిగతావి డబ్బు కట్టినవాళ్లకు పోస్టులో వెళ్తాయి. మనం చేసే కాపీలే ఆయనకు ప్రచారం! 1990 డిసెంబరులో అపోజీ ఇలాగే వదిలిన కీన్‌కు మొదటి రాయల్టీ చెక్కే 10,500 డాలర్లు. అది చూశాకే దాన్ని తయారుచేసిన కుర్రాళ్లు ఉద్యోగాలు వదిలి ఐడీ సాఫ్ట్‌వేర్ పెట్టుకున్నారు. 1993లో డూమ్‌నూ ఇలాగే వదిలారు. ఇప్పుడు పిల్లలు ఆడే ఫోర్ట్‌నైట్ వాళ్ల కంపెనీ ఎపిక్ కూడా షేర్‌వేర్‌తో ఎదిగిందే.

మాకు కీన్ మద్రాసులోని ఎలక్ట్రానిక్స్ బజారు రిచీ స్ట్రీట్ నుంచి వచ్చింది. ఒక స్నేహితుడు సప్తగిరి ఎక్స్‌ప్రెస్‌లో వెళ్లి, డబ్బాడు ఫ్లాపీలతో తిరిగొచ్చాడు. అందులో రెండింటికి వైరస్, అది వేరే కథ. కీన్ ఎనిమిదేళ్ల పిల్లాడు. అంగారకుడి మీద తన రాకెట్ భాగాలు పోగొట్టుకుంటాడు. జాయ్‌స్టిక్, బ్యాటరీ, వాక్యూమ్ క్లీనర్ లాంటివి వెతికి తెచ్చుకోవాలి. అంతా చేసి భూమి దగ్గరికొచ్చేసరికి శత్రువుల పెద్ద నౌక కాచుక్కూర్చుని ఉంటుంది. అంతే, అక్కడితో అయిపోయింది. మిగతా రెండు భాగాలకు 30 డాలర్లు పంపమంటుంది.

30 డాలర్లంటే అప్పట్లో దాదాపు వెయ్యి రూపాయలు. నా జీతం 900. సరే, అప్పో సప్పో చేద్దామనే అనుకున్నాను. పంపేదెలా? క్రెడిట్ కార్డు మా ఇన్‌స్టిట్యూట్ ఓనరుకే లేదు. బ్యాంకుకు వెళ్లి అమెరికాకు డబ్బు కట్టాలంటే, కౌంటర్లో ఆయన దేనికి బాబూ అన్నాడు. ఆటకండీ అన్నాను. పక్క కౌంటరాయన కూడా తిరిగి చూశాడు. బయటికొచ్చేశాను. దొంగ కాపీ దొరికుంటే ఆడేవాణ్ణేమో, చెప్పలేను. మా దాకా మాత్రం రాలేదు.

పోయినేడాది మా అమ్మాయి తన కార్డుతో ఆ ఆటలన్నీ కొనిచ్చింది. రెండో భాగం మొదలుపెట్టాను. వేళ్లు మాట వినడం లేదు, చిన్న గుంట దగ్గరే నాలుగు రోజులుగా పడి చస్తున్నాను.

వచ్చే ఆదివారం 'అన్నీ' అన్నచోట 'కొన్ని' అని సవరణ వేయగలరు.

ఇట్లు,
ఒక పాత ల్యాబ్ అసిస్టెంటు,
కొర్లగుంట, తిరుపతి