ఆన్‌కాల్ రోస్టర్ వేసే ముందు ఒకసారి చదువు

డబ్లిన్

చిరంజీవి తమ్ముడికి అక్క ఆశీస్సులు.

ఇక్కడ మేమంతా క్షేమం. నువ్వు టీం లీడ్ అయ్యావనీ, వచ్చే నెల నుంచి ఆన్‌కాల్, అంటే సిస్టం చెడితే ఏ వేళైనా ఫోన్ ఎత్తి సరిచేసే డ్యూటీ, మొత్తం మీ ఐదుగురి మీదే పడుతుందనీ అమ్మ చెప్పింది. "రాత్రుళ్ళు ఫోన్లు మోగుతాయట, వాడు నిద్ర ఎప్పుడు పోతాడే" అని ఆవిడ బెంగ. ఫోన్‌లో చెబితే నువ్వు "సరే అక్కా, సరే అక్కా" అంటూనే ఇంకో ట్యాబ్ చూసుకుంటావు కనక రాసి పంపుతున్నాను.

ముందు మనుషుల లెక్క తేల్చుకో. వారానికి ఒకరు ప్రైమరీ (మొదట ఫోన్ వెళ్ళేవాడు), ఒకరు సెకండరీ (అతను ఎత్తకపోతే ఎత్తేవాడు) అనుకుంటే, ఐదుగురిలో ప్రతి ఒక్కరికీ ఐదు వారాల్లో రెండు వారాలు ఆన్‌కాల్ పడుతుంది. గూగుల్‌లో సర్వీసులు ఆగకుండా చూసే ఎస్‌ఆర్‌ఈ టీంలు 2016లో బయటపెట్టిన లెక్క ప్రకారం ఒక ఇంజనీర్ సమయంలో ఆన్‌కాల్ నాలుగో వంతు దాటకూడదు. ప్రైమరీ, సెకండరీ రెండూ ఉండాలంటే ఒకే ఊళ్ళో ఉన్న టీంకి కనీసం ఎనిమిది మంది కావాలి. రెండు ఊళ్ళలో పంచుకుంటే ఊరికి ఆరుగురు. ఒక్క ఇన్సిడెంట్‌కి, అంటే సర్వీస్ చెడిన ఒక్క సందర్భానికి, మూలకారణం వెతకడం, సరిచేయడం, పోస్ట్‌మార్టమ్ (ఏం జరిగిందో చెప్పే నివేదిక) రాయడం అన్నీ కలిపి సగటున ఆరు గంటలు పడుతుందని వాళ్ళ అంచనా. అందుకే 12 గంటల షిఫ్టులో రెండుకు మించి ఇన్సిడెంట్లు రాకూడదంటారు. "ఐదుగురితో ఎలాగోలా లాగించేద్దాం" అని మీ మేనేజర్ అన్నాడంటే కోపం తెచ్చుకోకుండా ఈ అంకెలు ముందు పెట్టు. ఎలాగోలా లాగించడం రెండు నెలలు నడుస్తుంది. మూడో నెలలో ఒకరు రాజీనామా ఇస్తారు, ఐదు నాలుగవుతుంది.

మీ కంపెనీకి డబ్లిన్‌లోనూ టీం ఉందన్నావుగా, దాన్ని వాడుకో. గడియారాల సంగతి మాత్రం జాగ్రత్త. వేసవిలో మీ హైదరాబాద్ ఇక్కడికంటే నాలుగున్నర గంటలు ముందుంటుంది, చలికాలంలో ఐదున్నర. ఆఫీసు వేళలకే పరిమితమైతే రెండు ఊళ్ళు కలిసినా రోజంతా కవర్ కాదు: వేసవిలో ఇక్కడి సాయంత్రం ఆరుకు అక్కడ రాత్రి పదిన్నర, ఆ తర్వాత తెల్లవారి మీరు తొమ్మిదికి వచ్చేదాకా పదిన్నర గంటలు ఎవరూ ఉండరు. అందుకని 12 గంటల చొప్పున పంచండి, హద్దులు యూటీసీలో, అంటే వేసవికీ చలికాలానికీ మారని ప్రపంచ ప్రామాణిక సమయంలో, పెట్టండి. రాత్రి 23:30 యూటీసీ నుంచి పగలు 11:30 యూటీసీ దాకా హైదరాబాద్, మిగిలింది డబ్లిన్. మీకది ఏడాది పొడవునా తెల్లవారుజామున 5 నుంచి సాయంత్రం 5 వరకు. వీళ్ళకు వేసవిలో మధ్యాహ్నం 12:30 నుంచి రాత్రి 12:30 దాకా, చలికాలంలో గంట ముందుకు. ఇలా అయితే నడిరాత్రి ఎవరి ఫోనూ మోగదు. ఐదింటికి లేచి కూర్చోనక్కర్లేదు, ఫోన్ పక్కన ఉంటే చాలు.

ఈ ఏర్పాటులో రోజుకు రెండు అప్పగింతలు. సాయంత్రం ఐదింటిది ఇద్దరూ మెలకువగా ఉన్న వేళ కాబట్టి పది నిమిషాల కాల్ పెట్టుకోండి. తెల్లవారుజామున ఐదింటిది కాగితం మీదే జరగాలి, అందుకని ఆ నోటే అసలు పరీక్ష. అందులో ఉండాల్సినవి: ప్రస్తుతం ఏది చెడి ఉంది, మనం ఏం మార్చాం, దాన్ని వెనక్కి తీయాలంటే ఎలా, ఏం ప్రయత్నిస్తే పనిచేయలేదు, రాబోయే షిఫ్టులో ఏది మోగే అవకాశం ఉంది. అందరూ మరిచిపోయేది ఇంకొకటుంది: ఏ అలర్ట్‌ను (సిస్టం పంపే హెచ్చరికను) మ్యూట్ చేశాం, ఎప్పటిదాకా. గడువు పెట్టకుండా మ్యూట్ చేసిన అలర్ట్ వారాల తరబడి అలాగే పడి ఉంటుంది. డిస్క్ నిండి కస్టమర్ ఫోన్ చేశాకగానీ గుర్తురాదు. ఎక్కువలో ఎక్కువ ఎనిమిది గంటలు అని టూల్‌లోనే హద్దు పెట్టించు. నోట్‌లో రాయడానికేమీ లేకపోతే "ఏమీ లేదు" అని రాయాలి. ఖాళీగా ఉంటే నిజంగా ఏమీ లేదో, రాయడం మరిచిపోయారో అవతలివాడికి తెలియదు.

టైం రాసేటప్పుడు ఐఎస్‌టీ అన్న మాటే వద్దు. మనకది ఇండియన్ స్టాండర్డ్ టైం, వేసవిలో ఇక్కడివాళ్ళకు ఐరిష్ స్టాండర్డ్ టైం. "9 ఐఎస్‌టీకి డిప్లాయ్" (కొత్త కోడ్ ఎక్కించడం) అంటే రెండు ఊళ్ళూ రెండు వేళల్లో సిద్ధమవుతాయి.

ఇన్సిడెంట్ మొదలయ్యాక ఎవరు ఏం చేయాలన్నది అప్పుడు తేల్చుకునే విషయం కాదు. 1970లో కాలిఫోర్నియా అడవుల్లో మంటలు చెలరేగిన తర్వాత అక్కడి అగ్నిమాపక శాఖలు ఒక పద్ధతి తయారుచేసుకున్నాయి, సాఫ్ట్‌వేర్‌వాళ్ళు దాన్నే అరువు తెచ్చుకున్నారు. నిర్ణయాలు తీసుకునేది ఒకరు, కీబోర్డ్ మీద చెయ్యి ఉండేది మరొకరు, బయటికి కబురు పంపేది ఇంకొకరు. నిర్ణయించేవాడు కమాండ్లు కొట్టకూడదు, కొట్టడం మొదలుపెడితే మొత్తం బొమ్మ చూసేవాడు ఉండడు. ఇద్దరే ఉంటే కబుర్ల పని నిర్ణయించేవాడికివ్వు. కబురు అరగంటకొకటి, కొత్త సంగతి లేకపోయినా సరే. ఇలా ఉంటే చాలు: "11:40 యూటీసీ. కొన్ని పేమెంట్లు ఫెయిల్ అవుతున్నాయి. కారణం ఇంకా తెలియదు. 11:20 నాటి డిప్లాయ్ వెనక్కి తీస్తున్నాం. తర్వాతి అప్‌డేట్ 12:10కి." ఆ చివరి వాక్యం లేకపోతే నిమిషానికొకడు "ఎనీ అప్‌డేట్?" అని వచ్చి పడతాడు, సరిచేసేవాడి చేతులు ఆగిపోతాయి.

మన తెలుగువాళ్ళ టీంలకు సొంతంగా ఉన్న జబ్బొకటి చెప్పాలి. బ్రిడ్జ్ కాల్‌లో (రెండు ఊళ్ళవాళ్ళూ ఉండే ఇన్సిడెంట్ కాల్‌లో) మ్యూట్‌లో ఉండి, పక్క కాల్‌లో తెలుగులో నలుగురం తేల్చేసుకుంటాం. పని వేగంగానే అవుతుంది, కాదనను. కానీ ఇవతల కూర్చున్నవాళ్ళకు సిస్టం దానంతటదే మారుతున్నట్టు కనిపిస్తుంది, వాళ్ళు ఇంకోవైపు నుంచి మార్చడం మొదలుపెడతారు. తెలుగులోనే మాట్లాడుకోండి, తప్పులేదు. కమాండ్ కొట్టే ముందు మాత్రం ఇన్సిడెంట్ చానెల్‌లో ఒక్క ఇంగ్లిష్ వాక్యం పడాలి. అలాగే "అందరికీ అర్థమైందా?" అని అడగడం మానెయ్. అందరూ తలూపుతారు, కొత్తగా చేరినవాళ్ళు మరీ. "ఇప్పుడు నువ్వు మొదట ఏం చేస్తావు?" అని అడుగు, అర్థమైందో లేదో అప్పుడు తెలుస్తుంది.

అలసిపోయిన మనిషి చేతిలో కమాండ్ ఎంత పని చేస్తుందో తెలియాలంటే 2017 జనవరి 31న ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే గిట్‌ల్యాబ్ సైట్‌లో జరిగింది చదువు, మొత్తం వాళ్ళే బయటపెట్టారు. స్పామ్ వల్ల డేటాబేస్ మీద లోడ్ పెరిగింది, దాని నకలైన రెప్లికా వెనకబడింది. పొద్దుపోయింది, ఇక ముగిద్దామనుకున్న ఇంజనీర్ దాన్ని సరిచేయడానికి ఆగిపోయాడు. రెప్లికాలో చెరపాల్సిన డైరెక్టరీని ప్రైమరీ, అంటే అసలు డేటా ఉన్న, సర్వర్‌లో చెరిపాడు. సెకన్లలోనే గ్రహించి ఆపినా దాదాపు 300 జీబీలో మిగిలింది నాలుగున్నర జీబీ. బ్యాకప్ చూస్తే అదీ లేదు: డేటాబేస్ సాఫ్ట్‌వేర్ పోస్ట్‌గ్రెస్ 9.6, బ్యాకప్ తీసే టూల్ 9.2 వెర్షన్‌తో నడుస్తూ రోజూ ఫెయిల్ అవుతోంది, ఆ సంగతి చెప్పే మెయిళ్ళు డీమార్క్ (నకిలీ మెయిళ్ళను ఆపే తనిఖీ) కారణంగా తిరస్కరణకు గురై ఎవరికీ చేరలేదు. అంతకు ఆరు గంటల ముందు వేరే పనికోసం ఒకరు చేత్తో తీసిన స్నాప్‌షాట్ (డేటా నకలు) ఉండబట్టి పోయింది ఆరు గంటల డేటా మాత్రమే. సుమారు 5,000 ప్రాజెక్టులు, 5,000 కామెంట్లు, 700 కొత్త ఖాతాల మీద దెబ్బ పడింది.

వాళ్ళ నివేదికలో ఆ ఇంజనీర్ "టీం మెంబర్ 1" మాత్రమే. తప్పెవరిది అని అడిగి ఉంటే జవాబు ఒక్క పేరుతో ఆగిపోయేది, ఆ మెయిళ్ళ సంగతి బయటికి వచ్చేదే కాదు. ఎట్సీ అనే ఆన్‌లైన్ అమ్మకాల కంపెనీలో ఉన్నప్పుడు ఇంజనీర్ జాన్ ఆల్‌స్పా 2012లో రాసింది ఇదే: శిక్ష పడుతుందని భయపడే ఇంజనీర్ వివరాలు చెప్పడు, వివరాలు లేకపోతే అదే ప్రమాదం మళ్ళీ వస్తుంది. మీ పోస్ట్‌మార్టమ్ మీటింగ్‌లో "ఎందుకు చేశావు" అన్న ప్రశ్న రాగానే ఆపి, "ఆ క్షణంలో నీ స్క్రీన్ మీద ఏం కనిపించింది" అని నువ్వే మార్చి అడుగు. ఈ ఒక్కటీ లీడ్ చేస్తే తప్ప జరగదు.

నిద్రలోంచి లేచిన మొదటి పావుగంట, అరగంట బుర్ర పూర్తిగా పనిచేయదు. అందుకని చెరిపే కమాండ్ ఏదైనా రెండో మనిషి స్క్రీన్ చూస్తుండగానే కొట్టాలని నియమం పెట్టు. ప్రొడక్షన్ (కస్టమర్లు వాడే సిస్టం) టెర్మినల్‌కు ఎర్ర రంగు, కమాండ్ కొట్టే ప్రాంప్ట్‌లో సర్వర్ పేరు పెద్దగా. రాత్రి లేచినవాడు మర్నాడు స్టాండప్‌కి (పొద్దుటి టీం మీటింగ్‌కి) రాకూడదు, "పర్లేదు, వస్తా" అన్నా రానివ్వకు. ఇక్కడ 1997 నాటి చట్టం ప్రకారం రోజుకు వరసగా 11 గంటల విశ్రాంతి ఇవ్వాలి, వారానికి సగటున 48 గంటలు మించకూడదు. 2021 ఏప్రిల్ 1 నుంచి పనివేళల తర్వాత మెయిల్, ఫోన్ చూడకపోయే హక్కు మీద కోడ్ కూడా ఉంది. అది మీరినంత మాత్రాన నేరం కాదుగానీ, తగువు వస్తే సాక్ష్యంగా పనికొస్తుంది. మీకు అవి వర్తించవు. అయినా 11 గంటల లెక్కను మీ టీం నియమంగా రాసుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

అలర్ట్‌ల సంగతికొస్తే, శుక్రవారం అరగంట కూర్చుని ఆ వారం మోగినవన్నీ చూడండి. మోగినప్పుడు మనిషి ఏమీ చేయనక్కర్లేకపోతే అది పేజ్ (నిద్ర లేపే కాల్) కాకూడదు, పొద్దున చూసే టికెట్ కావాలి. సీపీయూ 80 శాతం దాటిందని నిద్ర లేపే అలర్ట్‌లు చాలావరకు ఇలాంటివే. కస్టమర్‌కు నొప్పి తెలిసే చోట, అంటే ఎర్రర్ శాతం మీద, ఆలస్యం మీద పెట్టండి. పేజ్ ఎప్పుడూ ఫోన్ కాల్‌గా రావాలి, వాట్సాప్ గ్రూపులో కాదు. ఆ నంబర్‌ను డు నాట్ డిస్టర్బ్ నుంచి మినహాయించారో లేదో ప్రతివాళ్ళూ డ్యూటీ ఎక్కిన రోజు టెస్ట్ కాల్ కొట్టి చూసుకోవాలి. ఐదు నిమిషాల్లో ఎత్తకపోతే సెకండరీకి, పదిహేనుకు నీకు. కరెంటు పోతే రౌటర్ ఆగకుండా చిన్న యూపీఎస్, రెండు వేర్వేరు కంపెనీల సిమ్‌లు కంపెనీ డబ్బుతో కొనిపించు.

పండగలు ఇప్పుడే మాట్లాడుకోండి. డిసెంబర్ 24 నుంచి 26 దాకా మీరు మొత్తం తీసుకుంటే సంక్రాంతి మూడు రోజులు వీళ్ళు తీసుకుంటారు, ఇది ఎప్పుడూ కుదిరే బేరమే. జనవరిలో అడిగితే కుదరదు.

అక్టోబర్ చివరి ఆదివారం ఇక్కడ గడియారం వెనక్కి తిప్పుతారు. ఆ రాత్రి ఒకటిన్నర రెండుసార్లు వస్తుంది, డబ్లిన్ టైంలో పెట్టిన క్రాన్ జాబ్ (గడియారం ప్రకారం దానంతటదే నడిచే పని) రెండుసార్లు నడవొచ్చు. మార్చి చివరి ఆదివారం ఒకటిన్నర అసలే రాదు. బిల్లింగ్ లాంటివేమైనా ఆ గంటలో ఉంటే ముందే యూటీసీకి మార్చించు. రోస్టర్ వేశాక నాకొక కాపీ పంపు, చూసి చెబుతాను. నాన్నకు బీపీ మాత్రలు అయిపోవస్తుంటాయి, తెచ్చిపెట్టు. అమ్మకూ నాన్నకూ నా నమస్కారాలు.

ఇట్లు
నీ అక్క