ముఖ్య అతిథి పేరుతోపాటు స్కోరు కూడా అచ్చువేయండి

సంపాదకులు గారికి,

అంతర కళాశాలల ఫుట్‌బాల్ పోటీల వార్తలు జిల్లా పేజీల్లో తరచూ వస్తున్నాయి గానీ, వాటిలో జ్యోతి వెలిగించినవారి పేరు, శాలువా కప్పించుకున్నవారి హోదా ఉన్నంత వివరంగా ఎవరు ఎవరిపై ఎన్ని గోల్స్‌తో గెలిచారన్నది ఉండడం లేదు. గోల్ కొట్టిన కుర్రవాడి పేరైతే సరేసరి. ఇది చిన్న లోపమేనని సరిపెట్టుకోలేక ఈ ఉత్తరం రాస్తున్నాను.

అమెరికాలో మిషిగన్ విశ్వవిద్యాలయ జట్టు 1901లో ఆడిన సీజన్‌ను గుంటూరులో కూర్చుని ఈనాడు మ్యాచ్ మ్యాచ్‌కీ చెప్పుకోవచ్చు. (వారి ఫుట్‌బాల్ మనం ఆడేది కాదు, కోలగా ఉండే బంతిని చేత పట్టుకుని పరుగెత్తే ఆట.) ఫీల్డింగ్ యోస్ట్ కోచ్‌గా వచ్చిన మొదటి ఏడాదే ఆ జట్టు 11 మ్యాచ్‌లూ గెలిచి, మొత్తం 550 పాయింట్లు సాధించి, ప్రత్యర్థులకు ఒక్క పాయింటు కూడా ఇవ్వలేదు. బఫెలో జట్టుపై 128 పాయింట్లు చేసిన ఆ జట్టును ఒహాయో స్టేట్ 21 దగ్గర ఆపగలిగింది. ఓడినా ఆ సీజన్‌లో మిషిగన్‌ను అంతకంటే తక్కువకు కట్టడి చేసిన జట్టు లేదు. ఇక 1902 జనవరి 1న కాలిఫోర్నియాలోని పాసడెనాలో, నూతన సంవత్సర ఉత్సవంలో, 1900లో యోస్ట్ స్వయంగా శిక్షణ ఇచ్చిన స్టాన్‌ఫర్డ్ జట్టే ఎదురుపడి, 49–0తో వెనుకబడి, ఇంకా ఎనిమిది నిమిషాలు మిగిలి ఉండగానే ఆట చాలించింది. మిషిగన్ ఆటగాడు నీల్ స్నో ఆ రోజు ఐదు టచ్‌డౌన్‌లు (బంతిని ప్రత్యర్థి గోల్ గీత దాటించి చేసే స్కోరు) చేశాడు. అప్పట్లో టచ్‌డౌన్‌కు ఐదు పాయింట్లే. అంత ఏకపక్షంగా సాగినందువల్ల ఆ ఉత్సవంలో ఫుట్‌బాల్ మళ్లీ 1916 దాకా లేదు. మధ్యలో రథాల పందేలు కూడా పెట్టారు.

బలహీనమైన జట్టుపై 128 పాయింట్లు చేయడం ఘనకార్యమని నేననను. అయితే అలా అనడానికైనా, ఒహాయో స్టేట్ ఆటను మెచ్చుకోవడానికైనా అంకెలు మిగిలి ఉండాలి కదా! అమెరికా లూథరన్ మిషనరీలు 1885లో నెలకొల్పిన కళాశాల గుంటూరులోనే ఉంది. కాబట్టి కళాశాల ఆటలకు ఇక్కడా అంత పాత కాలం నుంచీ చోటుంది. కానీ మన పాత జట్ల గురించి సాధారణంగా దొరికేది గోడమీది గ్రూప్ ఫొటో, దాని కింద పేర్లు, కప్పు గెలిస్తే ఆ సంవత్సరం. ఫైనల్ దాకా వచ్చి ఓడిన జట్టుకు ఆ గోడమీద కూడా చోటుండదు.

కాబట్టి ప్రతి మ్యాచ్‌కూ తేదీ, మైదానం, స్కోరు, గోల్ కొట్టినవారి పేర్లు రెండు వాక్యాల్లోనైనా ప్రచురించవలసిందిగా కోరుతున్నాను. విలేకరికి ప్రతిచోటికీ వెళ్లే వీలుండదు గనుక, ఫిజికల్ డైరెక్టర్లే ఆ సాయంత్రం వివరాలను వాట్సాప్‌లో పంపే ఏర్పాటు చేసుకోవచ్చు. స్థలం చాలకపోతే అతిథుల జాబితాలో నాలుగో పేరు నుంచి తగ్గించినా పాఠకులెవరూ నొచ్చుకోరని నా నమ్మకం.

భవదీయుడు,
ఒక విశ్రాంత ఫిజికల్ డైరెక్టర్,
బ్రాడీపేట, గుంటూరు