స్పేర్ టైరు ఉందో లేదో కూడా రాయండి

సంపాదకుల వారికి,

మీ ఆదివారం పేజీలో లగ్జరీ ఎస్‌యూవీల పోలిక చదివాను. బీఎండబ్ల్యూ ఎక్స్3, మెర్సిడెస్ జీఎల్‌సీ, లెక్సస్ ఎన్ఎక్స్ పక్కపక్కన పెట్టి ఏది ఎన్ని సెకన్లలో వంద స్పీడు అందుకుంటుందో, దేని తెర ఎంత పెద్దదో రాశారు. బాగుంది, కానీ మా నరసరావుపేటలాంటి ఊళ్లో ఉండి అంత డబ్బు పెట్టేవాడికి కావాల్సిన సంగతి ఒక్కటీ లేదు.

ఆరేళ్లుగా ఒక యూరప్ డీజిల్ బండి నడుపుతున్నాను, పేరెందుకు లెండి. హైవే ఎక్కిందంటే దానికి సాటి లేదు, ఆ మాట ఒప్పుకోవాల్సిందే. అయితే నా తిరుగుడంతా ఇల్లు, మిల్లు, మార్కెట్ యార్డు, కలిపితే రోజుకు పది కిలోమీటర్లు. డీజిల్ పొగలోని మసిని పట్టుకునే ఫిల్టర్ ఒకటి ఉంటుందని, ఆ మసి కాలిపోవాలంటే అప్పుడప్పుడూ ఆగకుండా దూరం తోలాలని కొన్నరోజున నాకెవరూ చెప్పలేదు. మూడో ఏటి నుంచి లైటు వెలిగినప్పుడల్లా పనేమీ లేకపోయినా చిలకలూరిపేట దాకా పోయి హైవే మీద తిప్పుకుని రావడమే. మా ఆవిడైతే “కారుకి వాకింగా?” అని ఒకటే నవ్వు.

శ్రీశైలం వెళ్తూ దోర్నాల దాటాక టైరు సైడు కోసుకుపోయింది. స్పేర్ లేదు, అన్నీ రన్‌ఫ్లాట్‌లే. గాలి పోయినా 80 స్పీడు మించకుండా 80 కిలోమీటర్ల దాకా పోవచ్చంటారు, సరే, ఎలాగో మార్కాపురం చేరాం, కానీ సైడు కోతకి అతుకు వెయ్యకూడదట, ఆ సైజు టైరు అక్కడ లేదు. కారు లారీ ఎక్కింది, మేం బస్సెక్కాం.

ఇప్పుడు మార్చాలి. జపాన్ హైబ్రిడ్, అంటే పెట్రోలు ఇంజనూ కరెంటు మోటారూ రెండూ ఉన్న ఎన్ఎక్స్ లాంటి బండి, నాలాంటి ఊరి తిరుగుడికి సరిపోతుందనిపిస్తోంది. ప్లగ్గు పెట్టే పని లేదు, ఇంజనూ బ్రేకులే బ్యాటరీని నింపుకుంటాయి, పైగా లెక్సస్ యజమాని టయోటా వాళ్లు 1997లో ప్రియస్ కారుతో మొదలుపెట్టి ఇన్నేళ్లు అరగదీసిన పద్ధతి అది. గట్టిగా తొక్కితే ఇంజను గోల పెడుతుంది, అది వేరే సంగతి. ఇంకో తమాషా, జర్మనీ కారని మనం మురిసిపోయే ఎక్స్3 చెన్నైలో, జీఎల్‌సీ పుణె దగ్గర చాకన్‌లో బిగిస్తారు. ఎన్ఎక్స్ మాత్రం జపాన్ నుంచి ఓడలో వస్తుంది, ఆ సుంకం మనమే కట్టాలి, ఏదన్నా పార్టు కావాల్సి వస్తే ఎన్నాళ్లు ఆగాలో అన్న టెన్షన్ అదనం.

మా అబ్బాయి హైదరాబాద్‌లో రోజూ ఔటర్ మీద తిరుగుతాడు, వాడికి యూరప్ కారే తీసుకోమన్నాను. సర్వీసు గడప దాటితే ఉంటుంది.

ఈసారి పోలిక వేసినప్పుడు వారంటీ ఎన్నేళ్లో, అది అయిపోయాక ఖర్చెంతో, టైరు ఒకటి ఎంతో, పల్నాడు జిల్లావాడికి దగ్గరి వర్క్‌షాపు ఎక్కడో కూడా రాయండి. నేను వచ్చే నెల షోరూంకి వెళ్తున్నాను, ముందు డిక్కీ చాప ఎత్తి చూస్తాను.

— ఒక పాఠకుడు, నరసరావుపేట