టికెట్ కొన్నవాడంటే అంత అలుసా?

సంపాదకుల వారికి,

స్టేడియంకి మ్యాచ్ చూడ్డానికి వెళ్లేవాణ్ని మన దగ్గర ముందు అనుమానితుడిగా చూస్తారు, ప్రేక్షకుడిగా తర్వాత. 2022 సెప్టెంబరు 22న సికింద్రాబాద్ జింఖానా మైదానంలో జరిగింది గుర్తుందిగా! ఉప్పల్‌లో భారత్-ఆస్ట్రేలియా టీ20 టికెట్లు కౌంటర్లో అమ్ముతామన్నారు, వేలమంది వచ్చి నిలబడ్డారు, తొక్కిసలాటలో జనం గాయపడ్డారు, పైగా లాఠీ దెబ్బలు కూడా వాళ్లకే. ఏర్పాట్లు చేయలేనివాళ్ల వీపు మీద మాత్రం ఒక్క దెబ్బా పడదు.

ఇది కొత్తేం కాదు. 1999లో కోల్‌కతా ఈడెన్ గార్డెన్స్‌లో పాకిస్తాన్‌తో టెస్టు చివరి రోజున కొందరు గొడవ చేశారని స్టాండ్లన్నీ ఖాళీ చేయించి ఆట ముగించారు. బుద్ధిగా కూర్చున్నవాళ్లు చేసిన తప్పేంటి? 2025 జూన్ 4న బెంగళూరు చిన్నస్వామి స్టేడియం బయట తొక్కిసలాటలో 11 మంది చనిపోయాక కూడా గేట్ల దగ్గర జనాన్ని ఎలా పంపాలో నేర్చుకోకపోతే ఇంకెప్పుడు నేర్చుకుంటారు?

తనిఖీ వద్దనడం లేదు. కానీ నీళ్ల సీసా లాక్కుని, లోపల అవే నీళ్లు ఎక్కువ రేటుకి అమ్మడం ఏ భద్రత కిందికి వస్తుందో చెప్పండి. పవర్ బ్యాంకు, హెల్మెట్ తేవద్దంటే టికెట్ అమ్మేటప్పుడే పెద్ద అక్షరాల్లో చెప్పాలి, తెలియక తెచ్చినవాళ్లు దాచుకోవడానికి గేటు బయట ఒక కౌంటర్ పెట్టాలి, స్టాండ్లలో మంచినీళ్లు ఉచితంగా ఇవ్వాలి. పాసులవాళ్ల గేట్లో ఈ తోపులాట ఎందుకుండదో కూడా నిర్వాహకులు చెబితే బాగుంటుంది.

ఇట్లు,
ఒక క్రికెట్ అభిమాని, హైదరాబాద్