ఆపిల్ మొక్క కొనేవారు వేరుమూలం కూడా అడగాలి

సంపాదకులకు,

లంబసింగి, చింతపల్లి మన్యంలోనూ, కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా కెరమెరి మండలంలోనూ ఆపిల్ కాసిందన్న వార్తలు వచ్చాక మైదాన ప్రాంత రైతులు కూడా మొక్కలు తెప్పించి నాటుతున్నారు. వేడి ప్రాంతంలో ఆపిల్ కాయదన్న మాట నిజం కాదు. అయితే వేరుమూలం (అంటు కట్టేందుకు కింద వేరుగా వాడే మొక్క) ఏదో అడక్కుండా, నర్సరీవాళ్లు చెప్పే రకం పేరొక్కటే విని ఎకరాలకు ఎకరాలు నాటితే మూడేళ్ల తర్వాత మిగిలేది ఆకులే. పత్రికల్లో కాయల ఫొటోతో పాటు రావాల్సిన వివరాలు రావడం లేదు కాబట్టి ఈ లేఖ.

ఆపిల్ మొగ్గ నిద్ర వదలాలంటే చలి తగలాలి. ఉష్ణోగ్రత 7.2 డిగ్రీల కంటే తక్కువగా ఉన్న గంటలన్నీ కలిపి చలి గంటలు అంటారు. రాయల్ డెలీషియస్ వంటి సిమ్లా రకాలకు ఇవి వెయ్యికి అటూ ఇటూ కావాలి. వాటిని ఇక్కడ నాటడం దండగ. 'అన్నా' రకానికి 200 నుంచి 300 గంటలు చాలు, 'డార్సెట్ గోల్డెన్'కు ఇంకా తక్కువైనా సరిపోతుంది. ఇక్కడే చాలామంది లెక్క తప్పుతోంది. మీ మండలంలో కనిష్ఠం 6 డిగ్రీలని పేపర్లో చదివితే, ఆ రాత్రి 7.2 కింద గడిచింది తెల్లవారుజామున రెండు మూడు గంటలే. అలాంటి రాత్రులు 20 వచ్చినా 60 గంటలు దాటవు. పైగా మధ్యాహ్నం ఎండ 28, 30 డిగ్రీలకు చేరితే రాత్రి కూడిన చలిలో కొంత చెరిగిపోతుంది. ఆటోమేటిక్ వాతావరణ కేంద్రాల గంటవారీ లెక్కలు తీసుకుని నవంబర్ మధ్య నుంచి జనవరి చివరి దాకా కూడి చూసుకున్నాకే మొక్కలకు డబ్బు కట్టాలి.

చలి చాలకపోతే చెట్టు చావదు, అదే ఇబ్బంది. కొమ్మ కొసన ఉన్న మొగ్గ ఒక్కటే పగులుతుంది, దాని కింద మూరెడు కొమ్మ బోసిగా ఉండిపోతుంది. పూత ఒక్కసారిగా రాక వారాల తరబడి సాగుతుంది. ఒకే కొమ్మ మీద విచ్చిన పువ్వూ, గోలీకాయంత పిందే కనిపిస్తాయి. బలం చాలలేదనుకుని యూరియా వేస్తే కొమ్మ సాగుతుందే తప్ప పూమొగ్గ రాదు.

ఇక రకాలు. అన్నా ఇజ్రాయెల్‌లో పుట్టింది. కాయ కాస్త పొడుగ్గా, పసుపు మీద ఎరుపు తిరిగి ఉంటుంది. డార్సెట్ గోల్డెన్ బహామా దీవుల్లో దొరికింది, కాయ పసుపు. ఈ రెండూ దాదాపు ఒకేసారి పూస్తాయి. అన్నాకు మంచి కాపు రావాలంటే పక్క చెట్టు పుప్పొడి కావాలి కాబట్టి మూడు వరుసల అన్నాకు ఒక వరుస డార్సెట్ ఉండాలి. పసుపు కాయకు ధర రాదని డార్సెట్‌ను మానేసిన తోటలో అన్నా కూడా సరిగా కాయదు. పూత సమయంలో ఎకరాకు రెండు తేనెపెట్టెలు పెట్టి, పురుగుమందు ఆపాలి. హిమాచల్‌లోని బిలాస్‌పూర్ జిల్లాలో హరిమన్ శర్మ ఎంపిక చేసిన హెచ్ఆర్ఎంఎన్ 99 మనకు బాగా తెలిసిన రకమే, ఆయనకు 2025లో పద్మశ్రీ కూడా వచ్చింది. దాన్ని నాటినా పక్కన డార్సెట్ ఉండటం మంచిదని నా అభిప్రాయం.

రకం కంటే నేను గట్టిగా చెప్పదలచింది వేరుమూలం గురించి. ఎం 9 అనే వేరుమూలం మీద కట్టిన అంటు త్వరగా కాస్తుంది గానీ దాని వేళ్లు బలహీనం, ఊతకర్ర లేకపోతే గాలికి ఒరుగుతుంది, వేరుకు దూదిలాంటి తెల్ల పేనుబంక పడుతుంది. ఎంఎం 106 పేనుబంకను తట్టుకుంటుంది కానీ నీరు నిలిచే నల్లరేగడిలో మొదలు కుళ్లు వస్తుంది. మన ఎండకూ నీటి ఎద్దడికీ ఎంఎం 111 నయం. 4 మీటర్ల ఎడంతో నాటితే ఎకరాకు 250 మొక్కలు పడతాయి. నల్లరేగడి అయితే రెండడుగుల ఎత్తు బోదె మీదే నాటాలి. అంటు కట్టిన చోటు నేలకు జానెడు పైన ఉండాలి. అది మట్టిలో కూరుకుపోతే పై రకం సొంత వేరు దిగి, వేరుమూలానికి పెట్టిన డబ్బు వృథా అవుతుంది. నాటిన వెంటనే మొదలుకు సున్నం పూయాలి, లేదంటే పడమటి ఎండకు బెరడు చిట్లుతుంది.

మన చెట్లు డిసెంబర్‌లో కూడా ఆకు రాల్చవు. పాత ఆకు ఉన్నంత కాలం మొగ్గ కదలదు. జామలో కొమ్మలు వంచినట్టే ఇక్కడా చెట్టును మనమే లేపాలి. ఇండోనేషియాలోని బటు ప్రాంతంలో చలికాలమే లేకపోయినా కోత తర్వాత చేత్తో ఆకు దూసి, కొమ్మలు వంచి ఏడాదికి రెండు కాపులు తీస్తున్నారు. మనవాళ్లు డిసెంబర్ చివర్లో ఆకు దూసి అప్పుడే కత్తిరింపు చేస్తే నెల తిరిగేసరికి పూత కలిసి వస్తుంది. కొందరు ద్రాక్షకు వాడే హైడ్రోజన్ సైనమైడ్ కొడుతున్నారు. ద్రాక్ష మోతాదు ఆపిల్ మొగ్గను మాడ్చేస్తుంది. కొట్టే మనిషికీ అది ప్రమాదం, ఆ రోజుల్లో మద్యం అసలు ముట్టకూడదు. ఉద్యాన అధికారి పక్కన లేకుండా దాని జోలికి వెళ్లొద్దు.

కాయ మే, జూన్‌లో దిగుతుంది. అప్పటికి కొత్త హిమాచల్, కశ్మీర్ సరుకు రాదు, మనకున్న లాభం అదొక్కటే. నష్టమూ ఆ నెలల్లోనే ఉంది. ఎండలో కాయ తోలు గాలి కంటే పదీ పదిహేను డిగ్రీలు ఎక్కువ వేడెక్కుతుంది, 46 డిగ్రీలు దాటితే గోధుమరంగు మచ్చ పడుతుంది. అందుకే పడమటి వైపు కొమ్మలను పలచన చేయకూడదు, వీలైతే షేడ్‌నెట్ కట్టాలి. ఎరుపు రంగు చల్లటి రాత్రులతో వస్తుంది కాబట్టి దానికోసం ఆగితే అన్నా కాయ చెట్టు మీదే పిండిపిండిగా అయిపోతుంది. ఒక కాయ అడ్డంగా కోసి గింజ గోధుమరంగు తిరిగిందో లేదో చూడండి. అయోడిన్ రాస్తే ముక్కంతా నల్లబడితే ఇంకా పచ్చిదే. కోశాక మామూలు గదిలో వారానికి మించి మంచి రుచి ఉండదు, కొనేవాళ్లను ముందే చూసుకోవాలి.

ఉద్యానశాఖకు నా విన్నపం: ఆపిల్ మొక్కలమ్మే ప్రతి నర్సరీ బిల్లు మీద రకంతో పాటు వేరుమూలం పేరు కూడా రాయాలన్న నిబంధన పెట్టాలి. మీ విలేకరులకు కూడా ఒక మనవి. ఇకమీదట ఆపిల్ తోట వార్త రాసేటప్పుడు నాటిన ఏడాది, వేరుమూలం, పక్కన నాటిన రకం, చెట్టుకు ఎన్ని కిలోలు దిగాయో కూడా రాయించండి.

ఇట్లు,
ఒక పండ్లతోటల రైతు, ఆదిలాబాద్