పంచగా మిగిలిన పరిహారం ఎవరికి? రాజీ పత్రంలోనే రాయండి

సంపాదకులకు నమస్కారం.

ఒకే సంస్థ చేతిలో నష్టపోయిన వందలమంది తరఫున ఒకరిద్దరు కేసు వేసే వీలు 2019 వినియోగదారుల రక్షణ చట్టం 35వ సెక్షన్‌లో ఉంది. సివిల్ కోర్టులో ఇదే పనికి సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 1 రూల్ 8 ఉంది. కేసు ఎలా వేయాలో చెప్పగలిగిన న్యాయవాదులు గుంటూరులోనూ విజయవాడలోనూ కావలసినంతమంది ఉన్నారు. రాజీ కుదిరి, డబ్బు జమయ్యి, పంచగా మిగిలిన సొమ్ము ఎటు పోవాలన్న ప్రశ్న మాత్రం ఆఖరున గానీ ఎవరికీ గుర్తు రాదు. ఈ ఉత్తరం ఆ మిగులు గురించే.

అందరికీ పంచేస్తే మిగలడమేమిటని అడగొచ్చు. ఒక సంస్థ 2,400 మందికి తలా 1,500 రూపాయలు వెనక్కివ్వడానికి ఒప్పుకుందనుకుందాం. మొత్తం 36 లక్షలు. 1,700 మంది తీసుకుంటే 25.5 లక్షలు పోగా 10.5 లక్షలు అలాగే ఉండిపోతాయి. రానివాళ్లంతా డబ్బు అక్కర్లేనివాళ్లు కారు. అద్దె ఇల్లు మారడంతో కొందరి నోటీసు తిరిగొస్తుంది. రసీదులో ఇంటిపేరు పొడి అక్షరంగా, ఆధార్‌లో పూర్తిగా ఉంటే పరిశీలనలోనే దరఖాస్తు ఆగిపోతుంది. మన దగ్గర ఇంకో చిక్కుంది. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసింది. పాత పాస్‌బుక్ చూసి పాత ఐఎఫ్ఎస్‌సీ కోడ్ రాసిచ్చినవారి చెల్లింపులు వెనక్కి వస్తాయి. ఇక డబ్బు కట్టిన మనిషి పోయి ఉంటే, 1,500 రూపాయల కోసం కుటుంబ సభ్యుల ధ్రువపత్రం కావాలంటూ తహసీల్దారు ఆఫీసు చుట్టూ తిరగడానికి అయ్యే చార్జీలే అంతకంటే ఎక్కువ.

రాజీ పత్రం ఏమీ చెప్పకపోతే ఆ 10.5 లక్షలు ఎవరివి? సంస్థ తనవేనంటుంది. వచ్చిన 1,700 మంది తమకే పంచమంటారు. తేలేదాకా డబ్బు బ్యాంకులో డిపాజిట్‌గా పడి ఉంటుంది. మదుపరుల డబ్బు వెనక్కివ్వాల్సి వచ్చిన సహారా కంపెనీల కేసులో సుప్రీంకోర్టు 2012 ఆగస్టు తీర్పులోనే, ఆచూకీ దొరకని మదుపరుల సొమ్ము కేంద్ర ప్రభుత్వానికి జమ కావాలని ముందుగా చెప్పింది. ఆ గమ్యం సరైనదా కాదా అన్నది వేరే చర్చ. ప్రశ్నను మాత్రం వదిలేయలేదు.

ఇక్కడ చాలామంది రెండు వేర్వేరు సొమ్ములను కలిపేస్తారు. సులభంగా గుర్తించలేని వినియోగదారులు ఎక్కువమంది నష్టపోయారని వినియోగదారుల కమిషన్ తేల్చితే, అమ్మిన సరుకు లేదా సేవ విలువలో కనీసం 25 శాతం కట్టమని 2019 చట్టం 39వ సెక్షన్ కింద ఆదేశించవచ్చు. పాత 1986 వినియోగదారుల చట్టంలో ఇది 5 శాతమే. ఆ సొమ్ముకు నిబంధనల్లోనే దారి ఉంది, అది వినియోగదారుల సంక్షేమ నిధికి వెళుతుంది. మనం మాట్లాడుతున్నది అది కాదు. ఇది పేర్లున్న జాబితాకు రాజీ కింద జమైన డబ్బులో మిగులు. దాని దారిని పార్టీలే రాసుకోవాలి, కమిషన్ ఒప్పుకోవాలి.

ముందే రాయకపోతే ఏమవుతుందో 2014లో జనరల్ మోటార్స్ కేసు చూపించింది. జాతీయ కమిషన్ ఆ కంపెనీకి 25 లక్షల దండన పరిహారం విధించి, 5 లక్షలు ఫిర్యాదుదారుకు, మిగతాది వినియోగదారుల సంక్షేమ నిధికి ఇమ్మంది. సుప్రీంకోర్టు కొట్టేసింది. ఇతర వినియోగదారుల నష్టం సంగతి ఫిర్యాదులోనే లేదని, అలాంటి క్లెయిము ఎదుర్కోవాలని కంపెనీకి తెలియదని కారణం చెప్పింది. అంటే ఉద్దేశం ఎంత మంచిదైనా కాగితంలో లేనిది అప్పీలులో నిలవదు. మిగులు విషయంలోనూ అదే జాగ్రత్త అవసరం.

మా సూచన, ఈ మిగులులో కనీసం సగం జిల్లా న్యాయ సహాయ నిధికి చేరాలని. కొత్త చట్టం అక్కర్లేదు. 1987 న్యాయ సేవాధికార సంస్థల చట్టం 17వ సెక్షన్ కింద ప్రతి జిల్లా సంస్థకూ ఒక నిధి ఉంటుంది. ఎవరైనా విరాళమిస్తే రాష్ట్ర సంస్థ ముందస్తు అనుమతి కావాలి. కోర్టు ఉత్తర్వుల ద్వారా వచ్చే సొమ్ముకు అదే సెక్షన్‌లో విడిగా చోటుంది, అక్కడ ఆ షరతు లేదు. అందుకే ‘విరాళంగా ఇస్తున్నాం’ అని రాయకండి, ‘ఉత్తర్వు మేరకు జమ చేయాలి’ అని రాయించండి. ఆ నాలుగు మాటల తేడాతో నెలల తరబడి ఉత్తరప్రత్యుత్తరాలు తప్పుతాయి.

న్యాయ సహాయానికే ఎందుకంటారా? వినియోగదారుల కేసులో 5 లక్షల వరకు ఫీజు లేదు, నిజమే. కానీ సరుకులో లోపం ల్యాబ్ పరీక్షతో గానీ తేలదన్నప్పుడు ఆ ఫీజు ఫిర్యాదుదారే ముందు కట్టాలి. ఉమ్మడి కేసులో పత్రికా ప్రకటన ఖర్చూ వేసినవారిదే. పేదవాళ్ల కేసులు ఆగేది సరిగ్గా ఈ రెండు చోట్ల. ఒక కేసు మిగులు తర్వాతి కేసు ప్రకటనకు, పరీక్షకు పనికొస్తే ఆ డబ్బు అసలు ఉద్దేశానికే వాడినట్టు. ఈ ఆలోచన మన చట్టాలకు కొత్తదేమీ కాదు. కంపెనీల చట్టం 125వ సెక్షన్ ప్రకారం, ఎవరూ అడగని డివిడెండ్లు చేరే నిధి నుంచి ఉమ్మడి దావాల న్యాయ ఖర్చులు ట్రిబ్యునల్ మంజూరు మేరకు తిరిగివ్వొచ్చు.

మిగులును ఇలా మళ్లించడాన్ని అమెరికాలో ‘సీ ప్రే’ అంటారు, అసలు ఉద్దేశానికి వీలైనంత దగ్గరగా అని. ఇల్లినాయ్ చట్టం మిగులులో కనీసం సగం న్యాయ సహాయ సంస్థలకు ఇమ్మంటుంది. మేం సగం అన్నది అక్కడి నుంచి తీసుకున్నదే. అక్కడి పొరపాట్లు కూడా చూడాలి. గూగుల్ మీద ఒక కేసులో 85 లక్షల డాలర్ల రాజీ కుదిరితే, పేర్లున్న ముగ్గురు వాదులను మినహాయిస్తే వినియోగదారులకు ఒక్క డాలరూ అందలేదు. లాయర్ల ఫీజు, ఖర్చులు పోగా అంతా సంస్థలకు వెళ్లింది, అందులో కొన్ని ఆ లాయర్లు చదువుకున్న విశ్వవిద్యాలయాలే. 2018లో వ్యవహారం అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. కాబట్టి లాయరు ఫీజును జమైన మొత్తం మీద కాక, నిజంగా పంచిన మొత్తం మీద లెక్కగట్టాలి. అప్పుడు మిగులు పెరిగేకొద్దీ ఫీజు తగ్గుతుంది, చిరునామాలు వెతికే ఓపికా వస్తుంది. ఇది మా సోదర న్యాయవాదులకు రుచించకపోవచ్చు.

తొందరపడటం రెండో ప్రమాదం. మంచి పనికే కదా అని మూడు నెలలకే పంపకం ముగిస్తే బాధితుల డబ్బు తీసి దానం చేసినట్టు. ఆరు నెలలు గడువు ఇవ్వాలి. తిరిగొచ్చిన ప్రతి చెల్లింపుకూ ఎస్ఎంఎస్, పోస్టుకార్డు ఒకటి వెళ్లాలి. నష్టం పూర్తిగా తీరనివారికి రెండో విడత పంచాలి. ఆ తర్వాత ఉన్నదే మిగులు. అందులోనూ పదో వంతు ఆలస్యంగా వచ్చేవారికి ఏడాది పక్కన పెట్టాలి.

మిగతా సగం స్వచ్ఛంద సంస్థకు ఇవ్వదలిస్తే మూడేళ్ల ఆడిట్ లెక్కలు చూడండి. రెండు పక్షాల న్యాయవాదులకూ దాని కార్యవర్గంతో సంబంధం లేదని అఫిడవిట్ తీసుకోండి. ఇంకొక్కటి. రూల్ 8 కింద, ఆసక్తి ఉన్న అందరికీ నోటీసు వెళ్లకుండా రాజీ నమోదు కాదు. సివిల్ దావాలో ఆర్డర్ 23 రూల్ 3బి ప్రకారం కోర్టు అనుమతి లేని రాజీ చెల్లదు. మిగులు పేరా ఆ నోటీసులోనే కనిపించాలి, తర్వాత అతికిస్తే అభ్యంతరాలు వస్తాయి.

వాడుకోదలచినవారి కోసం ఆ పేరా:

“జమ చేసిన మొత్తం ఏ పరిస్థితిలోనూ ప్రతివాదికి తిరిగి చెందదు. పంపకం మొదలైన 180 రోజుల తర్వాత, రెండో విడత పంపకం కూడా పూర్తయ్యాక, వడ్డీతో సహా మిగిలిన సొమ్ములో పదో వంతు ఏడాదిపాటు ఆలస్యపు క్లెయిముల కోసం ఉంచి, తక్కిన దానిలో కనీసం సగం ఈ ఉత్తర్వు మేరకు జిల్లా న్యాయ సహాయ నిధికి, మిగతాది కమిషన్ ఆమోదించిన సంస్థకు జమ చేయాలి. ఏడాది చివర పదో వంతులో మిగిలినదీ అదే నిష్పత్తిలో జమ కావాలి. జమ అయిన ఏడాదిలోగా ఖర్చు వివరాలు కమిషన్ ముందు దాఖలు కావాలి.”

ఇట్లు,
వినియోగదారుల కేసులు చూసే కొందరు న్యాయవాదులు,
గుంటూరు